నెల్లూరు కోటలో నజీబుల్లాఖాన్

నెల్లూరులో కోటమిట్ట ఎక్కడంటే చిన్నపిల్లాడైనా దారి చూపిస్తాడు. 1750లలో ఈ ఊరి కోటను ఏలిన నజీబుల్లాఖాన్ ఎవరంటే మాత్రం పెద్దవాళ్లలో కూడా చెప్పేవాళ్లు తక్కువ. ఆయన పేరు ఎత్తినవాళ్లు కూడా ‘సోదరుణ్ణి మోసం చేశాడు, ఫ్రెంచివాళ్లని చంపించాడు’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ రెండూ నిజమే. కాని ఏ సంవత్సరం ఏం చేశాడో పక్కపక్కన పెట్టి చూస్తే, ఆయన వేసిన ప్రతి అడుగు వెనకా శిస్తు లెక్క కనిపిస్తుంది. ఈ మనిషిని అర్థం చేసుకోవాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే.

ఆయన ఆర్కాటు నవాబు మహమ్మదాలీకి సోదరుడు. తండ్రి అన్వరుద్దీన్ 1749 ఆగస్టు 3న అంబూరు యుద్ధంలో చనిపోయాడు. నవాబు గద్దె కోసం పోటీపడిన చందాసాహెబు పక్షాన ఫ్రెంచివాళ్లు నిలిచారు, ఇంగ్లీషువాళ్లు మహమ్మదాలీ పక్షాన నిలిచారు. చివరికి గెలుపు మహమ్మదాలీదే అయింది గాని, యుద్ధం ఖర్చంతా ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి ఆయన పడిన బాకీగా మిగిలింది. అప్పటినుంచి నవాబు గద్దె మీద ఉన్నా, పద్దు పుస్తకం మద్రాసు కోటలో ఉండేది. ఆ కాలపు ఇంగ్లీషు రాతల్లో నజీబుల్లాని ‘నెల్లూరు గవర్నరు’ అని రాశారు. ఇప్పటి గవర్నరు లాంటి ఉద్యోగం కాదది. కోట కాపలా, సైన్యం, శిస్తు వసూలు మూడూ ఒకే మనిషి చేతిలో ఉండే పదవి.

ఆ పదవి నడిచే తీరు ఇది. ఏడాదికి ఇంత అని నవాబుకి కట్టాలి. ఊళ్లలో కరణాల లెక్కల మీద వచ్చేది, వెంకటగిరి లాంటి పాలెగాళ్లు ఇచ్చేది కలిపి అంతకంటే ఎక్కువ రాబట్టుకోవాలి. ఆ మిగులులోంచే సిపాయిల జీతాలు, కోట మరమ్మతు. పెన్న మీద ఆనకట్ట రావడానికి ఇంకా వందేళ్లుంది. ఆశ్వయుజ, కార్తీక వానలకి చెరువులు నిండితేనే వరి, సంక్రాంతి దాటి కళ్లాలు తేలితేనే డబ్బు. ఒక్క ఏడు వాన తప్పితే పాలెగాడు మొండికేస్తాడు, సిపాయి జీతం ఆగుతుంది, జీతం ఆగిన సిపాయి ఎవడు పిలిస్తే వాడి వెంట పోతాడు.

ఈ ఏర్పాటు ఎంత పలచనిదో 1753లోనే తెలిసిపోయింది. మహమ్మద్ కమాల్ అనే సాహసికుడు గుంపుని వెంటేసుకుని వచ్చి నెల్లూరుని పట్టేసుకున్నాడు. అంతటితో ఆగక తిరుపతి మీదికి పోయాడు. ఆ గుడి ఆదాయం మీద అప్పటికే ఇంగ్లీషువాళ్ల కన్ను ఉంది, అందుకే వాళ్ల దళం కదిలింది. పోరు అటూ ఇటూ తిరిగి, చివరికి కమాల్ దొరికిపోయాడు, చంపేశారు. నజీబుల్లాకి ఊరు మళ్లీ దక్కింది. తన కోటని తనే కాపాడుకోలేకపోయాడన్న మాట కూడా మిగిలింది.

1757లో కంపెనీ బాకీ తీర్చడానికి నవాబు నెల్లూరు మీద ఒత్తిడి పెట్టాడు. నజీబుల్లా ఎదురు తిరిగాడు. నవాబు సైన్యానికి తోడుగా ఇంగ్లీషువాళ్లు కల్నల్ ఫోర్డుని మద్రాసు నుంచి పంపారు. నజీబుల్లా కోటలో దండుని ఉంచి తాను బయటికి వెళ్లిపోయాడు.

ఆ కోట గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ ఏడు ఆయన్ని నిలబెట్టింది అదే. తూర్పు పడమరలుగా దాదాపు 1200 గజాలు, ఉత్తర దక్షిణాలుగా 600 గజాలు. అంటే చుట్టూ తిరిగితే మూడు కిలోమీటర్ల పైమాటే. ద్వారం, కొన్ని బురుజులు తప్ప మిగతా గోడంతా మట్టే. దాని మీద ఆరడుగుల పిట్టగోడ. తుపాకీ కన్నాల పని చూడండి: గోడ పెడుతున్నప్పుడే, మట్టి తడిగా ఉండగా, కాల్చిన మట్టి గొట్టాలని అందులో పరిచేవాళ్లు. మట్టి ఆరేసరికి గొట్టం గోడలో భాగమైపోతుంది, అంచు రాలదు. ఎండిన గోడకి తర్వాత కన్నం పొడిస్తే చుట్టూ పెచ్చులూడి, రెండు వానలకి బొక్క పెద్దదవుతుంది. కుమ్మరి పని, కోట పని కలిసిన చోటు అది.

మట్టిగోడకి ఇంకో గుణం ఉంది. రాతిగోడకి ఇనప గుండు తగిలితే బీట పడుతుంది, ఒక రాయి కదిలితే పక్కవి కదులుతాయి. మట్టిలో గుండు దిగబడిపోతుంది. గండి పడినా పైమట్టి పొడిలా జారుతుంది, ఎక్కేవాడి కాలు కూరుకుపోతుంది. దూరంనుంచి చూసినవాడికి గండి సరిపోతుందనిపిస్తుంది, దగ్గరికి వెళ్తేగాని దాని నిటారు తెలియదు. మే 5న ఫోర్డు దండు గండి మీద పడింది, లోపలికి పోలేకపోయింది. అదే నెలలో ఫ్రెంచివాళ్లు తిరుచిరాపల్లి మీదికి వెళ్లడంతో ఇంగ్లీషువాళ్లకి నెల్లూరు మీద కూర్చునే తీరిక లేకపోయింది. తర్వాతి ఏడు కొండూరు దగ్గర ఫ్రెంచివాళ్లని ఓడించిన ఫోర్డు, 1759లో మచిలీపట్నం కోట పట్టిన ఫోర్డు ఈయనే. మన మట్టిగోడ ముందు మాత్రం వెనుదిరిగాడు. ఈ సంగతి నెల్లూరు పిల్లలకి పాఠంగా చెప్పాలి.

1758లో ఫ్రెంచి సేనాని లాలీ వచ్చాక ఫ్రెంచివాళ్ల చెయ్యి పైనుంది. నజీబుల్లా వాళ్లతో కలిశాడు, కోటలో ఫ్రెంచి సిపాయిలకి చోటిచ్చాడు. ఆ డిసెంబరులో లాలీ మద్రాసుని ముట్టడించాడు. 1759 ఫిబ్రవరి 16న ఇంగ్లీషు ఓడలు కనిపించేసరికి మర్నాడు ముట్టడి ఎత్తేశాడు. ఆ కబురు తెలిశాక నజీబుల్లా ఇంగ్లీషువాళ్ల పక్షానికి తిరిగాడు. తన కోటలో ఉన్న ఫ్రెంచివాళ్లని, ఒక్క అధికారిని మాత్రం వదిలి, చంపించాడు.

దీన్ని శిస్తు లెక్కతో సమర్థించడం నా వల్ల కాదు. వాళ్లు ఆయన పిలుపు మీదే గోడల లోపల ఉన్నారు. పక్షం మారడానికి వాళ్లని పంపేస్తే సరిపోయేది, లేదా పట్టి ఇంగ్లీషువాళ్లకి అప్పగించొచ్చు. రెండేళ్ల క్రితం తన మీదికి ఫిరంగులు తోలిన వాళ్లకి నమ్మకం కలిగించడానికి అంత నెత్తురు కావాలనుకున్నాడు. ఇంగ్లీషువాళ్లు ఆ నెత్తుటిని పట్టించుకోలేదు. ఏడాదికి 30,000 వరహాలు (బంగారు నాణేలు) కట్టే షరతు మీద నెల్లూరుని ఆయనకే ఉంచారు. తర్వాతి కాలపు మారకంలో వరహాకి మూడున్నర రూపాయలు, అంటే లక్షా అయిదు వేలు. మనుషుల ప్రాణాలకి సంజాయిషీ అడగనివాళ్లు కట్టాల్సిన మొత్తాన్ని మాత్రం కచ్చితంగా రాసుకున్నారు. తప్పు ఆయనది, ఆ తప్పుని లెక్కలోకి తీసుకుని పదవి ఇచ్చినవాళ్లది కూడా.

ఆయన్ని ద్రోహి అనేవాళ్లు ఎవరికి ద్రోహమో చెప్పాలి. నవాబుకా? నవాబే కంపెనీ అప్పులో ఉన్నాడు. రైతుకా? ఆ 30,000 వరహాలు పండించినవాడిని ఏ పక్షమూ అడగలేదు. బాకీ తీరనే లేదు. 1781లో నవాబు కర్ణాటక శిస్తునంతా కంపెనీకి అప్పగించాల్సి వచ్చింది. మధ్యలో తిరిగి ఇచ్చి, 1790లో మళ్లీ తీసుకున్నారు. 1801 జులై 31 ఒప్పందంతో నెల్లూరు కంపెనీ కలెక్టరు కిందికి వెళ్లింది, అదే చెరువుల కింద, అదే కరణాల లెక్కల మీద.