రాజోలి మగ్గం గుంత, హ్యూస్టన్ తడి గోడ

వరద వచ్చిన ఊరికి పులిహోర పొట్లాలు తెచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకు దండం పెట్టాల్సిందే, ఆకలి ఆగదు కదా. కానీ నీళ్లు తీసి, టీవీల వాళ్లు వెళ్లిపోయాక, పార పట్టుకుని గుమ్మంలో నిలబడి "ఏ గది నుంచి మొదలుపెట్టాలమ్మా?" అని అడిగేవాళ్లు తక్కువ. నా పిల్లలిద్దరూ ఆ తక్కువమందిలో ఒకరుగా పెరగాలని నా కోరిక.

మా పుట్టింటి ఊరు రాజోలి. కృష్ణా తుంగభద్రల మధ్య నేల నడిగడ్డలో, తుంగభద్ర ఒడ్డున, సుంకేసుల బ్యారేజీకి దగ్గర. 2009 అక్టోబరు మొదట్లో నది ఊరి మీద పడింది. ఆ రోజుల్లోనే శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల నీళ్లు వచ్చాయి, కర్నూలు మునిగింది, అలంపూర్ మునిగింది. నేను హ్యూస్టన్‌లో ఫోన్ కలవక ఏడుస్తూ కూర్చున్నాను.

మట్టి గోడ నీళ్లలో ఉన్నప్పటి కంటే నీళ్లు తీశాకే ఎక్కువ కూలుతుంది. అడుగు నాని మెత్తబడి, పైబరువు మోయలేదు. మా వెనక గది అలాగే పోయింది. ముందు గదిలో మగ్గం. నేసే మనిషి కాళ్లు పెట్టుకునే గుంత అంచుల దాకా ఒండ్రుతో నిండి, నేల ఎక్కడో గుంత ఎక్కడో తెలియలేదట. గద్వాల చీర కోసం మగ్గానికి ఎక్కించిన పడుగు, అంటే నిలువు దారాలు, బురదలో కుళ్లిపోయింది. దాన్ని చూసి మా నాయిన మాట్లాడలేదని అమ్మ చెప్పింది.

ఆ గుంతలో ఒండ్రు ఎత్తిపోసింది పక్క ఊరి భజన బృందం వాళ్లు. వాళ్లతో పాటు చర్చి పిల్లగాళ్లు కొందరు. సద్దులు కట్టుకొచ్చుకున్నారు, మా ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. తట్టలతో ఒండ్రు మోసి, మగ్గం కర్రలు కడిగి నీడలో ఆరబెట్టి, నాయిన మళ్లీ గుంతలో కాళ్లు పెట్టి కూర్చునేదాకా వచ్చిపోతూనే ఉన్నారు.

2017 ఆగస్టులో మా మీదికి హార్వీ తుఫాను వచ్చింది. టెక్సాస్‌లో నెదర్లాండ్ అనే ఊరి దగ్గర 60 అంగుళాలు దాటి కురిసింది. మా గుమ్మం దాకా వచ్చి ఆగిన నీళ్లు పక్కింటి పెద్దావిడ ఇంట్లో మోకాలి లోతు నిలిచాయి. అక్కడి ఇళ్లకు కర్ర చట్రం, దానికి జిప్సం అట్టలు, మధ్యలో దూదిలాంటి ఇన్సులేషన్. నీటిమట్టం మోకాలి దాకా ఉన్నా తడి ఇంకా పైకి ఎగబాకుతుంది. ఒకటి రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. అందుకని గోడలను నాలుగడుగుల ఎత్తు వరకు కోసి, లోపలిదంతా పీకి, కర్ర ఆరేదాకా ఆగాలి. డబ్బిచ్చి చేయిస్తే వేల డాలర్లు. ఆవిడకు అంత లేదు.

కాన్సస్ నుంచి మెనోనైట్ క్రైస్తవులు వచ్చారు, చాలామంది రిటైరైన రైతులు. యుద్ధంలో ఆయుధం పట్టకూడదనేది వాళ్ల నమ్మకం. వాళ్ల విపత్తు సేవ 1950లో కాన్సస్‌లోనే మొదలైంది. బూజు భయంతో పిల్లలను లోపలికి రానివ్వలేదు. మా వాడికి బయట కుప్ప వేసే పనిచ్చారు. ఒక ముసలాయన తడిసి ఉబ్బిన పెళ్లి ఆల్బమ్‌ను కుప్పలో వేయలేదు. రెండు చేతులతో తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టి, "ఇది మీరే చెప్పాలి" అన్నాడు. మా అమ్మాయి అది చూసింది. నా ఆదివారం బాలవికాస్ పాఠాలన్నీ కలిపినా ఆ ఒక్క నిమిషం నేర్పినంత నేర్పలేదేమో.

పొద్దున వాళ్లు చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తుంటే, "అమ్మా, నేను నిలబడొచ్చా?" అని మా వాడు అడిగాడు. "నిలబడు, నీకొచ్చిన శ్లోకం మనసులో అనుకో" అన్నాను. మనవాళ్లలో కొందరు పిల్లలు మారిపోతారని భయపెట్టారు. పక్కవాళ్ల గోడ నిలబెడితే పోయే భక్తి మా ఇంట్లో లేదు.

ఫోన్లో ఈ సంగతి చెబితే మా అవ్వ, "మెనోనైట్లా? జడ్చర్ల ఎం.బి. దవాఖాన వాళ్లే కదనే! మీ తమ్ముడు పుట్టింది ఆడనే" అంది. పిల్లలు నోరెళ్లబెట్టారు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ బ్రెదరన్ (అదే ఎం.బి.) మిషనరీలు నల్లగొండలో పని మొదలుపెట్టారు. తర్వాత అమెరికా నుంచి వచ్చినవాళ్లు నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, జడ్చర్ల దాకా విస్తరించారు. "మన దేవుడు వేరు కదా అవ్వా" అని మా అమ్మాయి అడిగితే, "వాళ్లు ఏ దేవునికి మొక్కితే మనకేమే, మనిషి బతికిండు కదా" అంది.

మరుసటేడు వేసవిలో రాజోలి వెళ్లినప్పుడు పిల్లలిద్దరినీ ఆ భజన బృందానికే అప్పగించాను. తొలకరికి ముందు ఒంటరి ముసలివాళ్ల మట్టి మిద్దెల మీద కొత్తగా చౌడు మట్టి వేస్తారు, వాన కారకుండా. మా వాడు తట్టలు మోసి భుజం ఒరిపిడి పెట్టుకున్నాడు. అమ్మాయికి నీళ్లు అందించే పనే దొరికిందని అలిగింది. ఇప్పుడు ఎండాకాలం సెలవుల టికెట్లు చూసేముందు మా తమ్ముడికి ఫోన్ చేసి, ఈసారి చౌడు ఎప్పుడు తోలుతున్నారని అదే అడుగుతుంది.