పచ్చదోమ కోసం ఎదురుచూసే తోట

నాన్న టోక్యో వచ్చిన మూడో వారానికే విసిగిపోయాడు. నిషికసాయిలో మేముండేది ఎనిమిదో అంతస్తు. బాల్కనీలో నిలబడితే రైలు పట్టాలూ, వాటి అవతల మా భవనంలాంటిదే ఇంకో భవనమూ కనిపిస్తాయి. "ఈ ఊళ్లో మట్టి ఎక్కడుందమ్మా?" అన్నాడు ఒకరోజు పొద్దున్నే. సత్తెనపల్లి దగ్గర నల్లరేగడిలో నలభై ఏళ్లు పత్తి పండించిన మనిషి మరి. జూన్ చివర్లో రెండు రోజులు సెలవు పెట్టి, షిజువోకా కొండల్లో ఒక టీ తోటకు ఆయన్ను వెంటబెట్టుకు వెళ్లాను. అమ్మ జపానే రాలేదు. విమానమంటే ఆమెకు భయం, పైకి మాత్రం గేదెను ఎవరు చూస్తారంటుంది.

కనాయా స్టేషన్లో దిగేసరికి సన్నగా వాన. అక్కడ తల పైకెత్తితే మకినొహరా పీఠభూమి అంచున టీ సాళ్లు కనిపిస్తాయి. షోగున్లనే సేనాధిపతుల పాలన పోయి కొలువులు ఊడిన సమురాయ్ యోధులు 1869లో కత్తులు పక్కనబెట్టి ఆ బీడును తవ్వడం మొదలుపెట్టారు. ఇది చెబితే నాన్న పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆయన చూపంతా తోటల మధ్య స్తంభాల మీద ఉన్న ఫ్యాన్ల మీదే. "చెట్లకు ఫ్యాన్లా?" వసంతంలో మంచు పడే రాత్రుళ్లు నేలకు దగ్గరగా చలి పేరుకుంటుంది, కాస్త పైన గాలి వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చని గాలిని లేత చిగుళ్ల మీదికి తోయడానికి అవి. విని, "కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అన్నాడు.

అక్కడి నుంచి ఓయి నది వెంట కొండల్లోకి ఓయిగావా రైలు. ఆవిరి ఇంజన్లకు పేరున్న దారి, మాకు దొరికింది మాత్రం పాత కరెంటు బండి. 2022 సెప్టెంబరు తుపానుకు ఎగువ పట్టాలు దెబ్బతిన్నప్పటి నుంచి అది కవనె ఒన్‌సెన్ ససమాదో దాకానే వెళుతోంది. తోట యజమాని చిన్న తెల్ల ట్రక్కుతో అక్కడ ఎదురుచూస్తున్నారు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. తోటలో ఆయనా, భార్యా, ఎనభై మూడేళ్ల తల్లీ పనిచేస్తారు. ఇంట్లోనే రెండు గదులు అతిథులకిస్తారు. రైతు ఇంట్లో ఇలా బస చేయడాన్ని ఇక్కడ నోకా మిన్షుకు అంటారు.

పెద్దావిడను 'ఒబసాన్' అని పిలిచాను. ఆవిడ తెగ మురిసిపోయింది, కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత తెలిసింది, 'బ'కు దీర్ఘం తీస్తేనే అవ్వ. లేకపోతే పిన్ని. అక్షరానికి దీర్ఘం పెట్టడం ఒకటో తరగతిలో నేర్చుకున్న తెలుగుదాన్ని, అక్కడే తప్పాను.

తోట రెండు హెక్టార్లు. నాన్న లెక్కలో అయిదెకరాలు. అదీ ఒకచోట లేదు, కొండ వాలు మీద పద్నాలుగు ముక్కలు. కొన్ని ముక్కల మధ్య ఎవరూ పట్టించుకోని తోటలున్నాయి. కత్తిరించక వదిలేస్తే టీ మొక్క ఇంత చెట్టవుతుందని అప్పుడే తెలిసింది. వాటి యజమానులు ముసలివాళ్లయ్యారు, పిల్లలు నాలాగే ఊరొదిలారు. ఇలాంటి వాలు మీదికి మనిషి ఎక్కి నడిపే కోత యంత్రం రాదు. కగోషిమా జిల్లాలో చదును నేలలు కాబట్టి అక్కడ పెద్ద యంత్రాలు తిరుగుతాయి. టీ ఉత్పత్తిలో ఎప్పటినుంచో మొదటి స్థానంలో ఉన్న షిజువోకాను 2024లో ఆ జిల్లా దాటేసింది. ఆ సంగతి తోట యజమాని వర్షం పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పారు.

మొక్కల్లో ఎక్కువ భాగం 'యబుకిత'. జపాన్ టీ తోటల్లో సగానికి పైగా ఈ రకమే. 1908లో సుగియామా హికొసబురో అనే షిజువోకా రైతు వెదురుపొద పక్కన పెంచిన మొక్కల్లోంచి దీన్ని ఏరాడు. యబు అంటే పొద, కిత అంటే ఉత్తరం. పొదకు ఉత్తరాన ఉన్న మొక్క అన్నమాట. "మన 'చెరువు కింద చేను' లాగా" అన్నాడు నాన్న. ఆయనకు జపాన్‌లో మొదటిసారి ఏదో అర్థమైనట్టనిపించింది.

మధ్యాహ్నం పని కలుపు. సేంద్రియ తోట అంటే నేను పొగమంచు, పచ్చదనం, నిశ్శబ్దం ఊహించుకుని వెళ్లాను. అవన్నీ ఉన్నాయి. కానీ పనిలో దిగితే అది నిలువెల్లా కలుపే. వానాకాలం, మందు కొట్టరు, ఇంకేముంటుంది? కోతకు ముందు సాలు సాలూ తిరిగి, టీ ఆకుల పైకి తల ఎత్తిన ప్రతి తీగనూ చేత్తో లాగెయ్యాలి. వదిలేస్తే కోత యంత్రం దాన్నీ కోసి సంచిలో వేస్తుంది. అన్నిటికంటే మొండిది హెకుసోకజురా అనే తీగ. ఆ పేరులో మొదటి రెండు ముక్కలకు అర్థం ఇక్కడ రాయలేను, ఆకు నలిపితే మీకే తెలుస్తుంది. మన ఆయుర్వేద తైలాల్లో పడే ప్రసారణి ఇదేనని ఫోనులో వెతికి చూపించాను. అవ్వ పెద్దగా ఆసక్తి చూపలేదు.

సాళ్ల మధ్య నేల మీద రెల్లులాంటి సుసుకి గడ్డి పరిచి ఉంది. శీతాకాలానికి ముందు పక్క గడ్డిభూముల్లో కోసి, ఎండబెట్టి తెచ్చి పరుస్తారు. ఇది షిజువోకాలో తరతరాల పద్ధతి, పేరు చగుసబ. 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆంధ్రలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఆచ్ఛాదన అంటున్నది ఇలాంటిదే.

అవ్వ చిన్న కొడవలితో ముందు, నాన్న గొంతుక్కూర్చుని వెనక. నాన్న ఒక మొక్కను వేళ్లతో పెరికి, మట్టి దులిపి, వేళ్లు పైకి ఉండేట్టు గడ్డి మీద పెట్టాడు. వేళ్లు నేలకు తగిలితే వానకు మళ్లీ అంటుకుంటుందని మా ఊళ్లో అందరూ చేసేదే. అవ్వ వెనక్కి తిరిగి చూసి, తాను పీకిన గుప్పెడు కలుపు ఎత్తి చూపించింది. వాటి వేళ్లూ పైకే ఉన్నాయి. ఇద్దరూ మళ్లీ పనిలో పడ్డారు. నేను మాత్రం చీలమండకు జలగ పట్టి గగ్గోలు పెడుతున్నాను. అవ్వ నడుముకున్న సీసా తీసి ఉప్పునీళ్లు చిమ్మింది.

సాయంత్రం పై ముక్క దగ్గరికి వెళ్లాం. అక్కడ ఆకు తీరు వేరుగా ఉంది. చిగుళ్లు పసుపెక్కి, గిడసబారి, లోపలికి ముడుచుకున్నాయి. నాన్న ఏమీ మాట్లాడకుండా ఒక ఆకును తిప్పి వెనకవైపు చూశాడు. నువ్వుగింజంత కూడా లేని పచ్చటి పురుగు. అది ఐమూలగా నడిచి ఈనె చాటుకు పోయింది.

"పచ్చదోమ. ఇంకో వారం ఆగితే ఆకు ఎర్రబడుతుంది. ఈయనకు చెప్పమ్మా, తోట పోతుందని."

చెప్పాను. ఆయన సంతోషంగా తలూపారు. ఈ పురుగును వాళ్లు యోకోబాయి అంటారు. యోకో అంటే అడ్డంగా, బాయి అంటే పాకడం. పత్తిని పీల్చే దోమకు ఇది దాయాది. అదీ ఇదీ ఒకటి కాదు, నడక మాత్రం ఒకటే. "మేం వీటి కోసమే చూస్తుంటాం" అన్నారు ఆయన.

ఆ ముక్కలో ఉన్నది 'బెనిఫూకి', నల్ల టీకి తయారుచేసిన రకం. దీని పుట్టుక వింటుంటే నాకు ఇల్లు గుర్తొచ్చింది. తదా మోతోకిచి అనే పాత సమురాయ్‌ను జపాన్ ప్రభుత్వం 1876లో టీ తయారీ నేర్చుకు రమ్మని మన దేశం పంపింది. డార్జిలింగ్, అస్సాం తిరిగి, తెచ్చిన విత్తనాలు ఈ జిల్లాలోనే మరికోలో వేశాడు. అందులోంచి వచ్చిన 'బెనిహొమారె', డార్జిలింగ్ నుంచి వచ్చిన మరో మొక్క కలిస్తే బెనిఫూకి. దోమ కుట్టిన ఆకు తనను కాపాడుకోవడానికి కొన్ని వాసన పదార్థాలు తయారుచేసుకుంటుంది. ఆ ఆకుతో నల్ల టీ చేస్తే తేనె వాసన వస్తుంది. తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే టీకి పేరు తెచ్చిపెట్టింది ఈ దోమే. మందు కొట్టే తోటకు దోమ రాదు, ఆ వాసనా రాదు. దోమ కుట్టిన తోటలో దిగుబడి మాత్రం పడిపోతుంది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఈ దోమ కోసం ఆయన భుజాన డబ్బా వేసుకుని తిరిగిన రోజులు నాకు తెలుసు. మోనోక్రోటోఫాస్ వాసన అంటిన లుంగీని అమ్మ విడిగా ఉతికేది. చివరికి ఒక్కటే అడిగాడు. "మందు మానేశాక సేంద్రియ ముద్ర రావడానికి ఎన్నాళ్లు?" టీలాంటి బహువార్షిక పంటకు కోతకు ముందు మూడేళ్లు. "ఆ మూడేళ్లు ఏం తిన్నారు?" ఆ ప్రశ్న విని యజమాని మొదటిసారి గట్టిగా నవ్వారు. వాళ్ల నాన్న అడవి పనికి వెళ్లారట, షీటాకే పుట్టగొడుగులు పెంచారట, ఒకేసారి కాకుండా ముక్క తర్వాత ముక్క మార్చారట. "అదీ సంగతి" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున కోత. విల్లులా వంగిన యంత్రాన్ని సాలుకు అటొకరు ఇటొకరు పట్టుకుని నడుస్తారు, వెనక పొడుగు సంచిలోకి ఆకు ఎగిరి పడుతుంది. ఆ సంచి తోక పట్టుకుని జారకుండా నడవడం నా వంతు. రెండుసార్లు జారాను. అయిదు కిలోల పచ్చి ఆకు ఒక కిలో టీ అవుతుందని తెలిసి నాన్న, కోసి తెచ్చిన సంచులన్నీ మనసులోనే తూకం వేశాడు.

ఆకును వెదురు చాపల మీద పల్చగా ఆరబోశారు. రాత్రంతా వడలనిచ్చి, తెల్లవారుజామున యంత్రంలో నలిపి, తడి గుడ్డ కప్పి ఉంచుతారు. అయిదింటికి మెలకువ వచ్చి చూస్తే నాన్న పక్క ఖాళీ. షెడ్డులో దీపం వెలుగుతోంది. ఇద్దరూ తిరగేసిన డబ్బాల మీద కూర్చున్నారు. యజమాని గుడ్డ కొంచెం ఎత్తడం, ఇద్దరూ వంగి వాసన చూడటం, మళ్లీ కప్పడం. నేనూ చూశాను. మొదట కోసిన గడ్డి వాసన. కాసేపటికి పండిన ఆపిల్. తర్వాత ఒక్కసారిగా తేనె. "ఇప్పుడు" అన్నట్టు నాన్న చెయ్యి ఎత్తాడు. యజమాని అప్పటికే ఎండబెట్టే యంత్రం వైపు నడుస్తున్నారు.

ఆ టీ తాగాం. అద్భుతంగా ఉంది. పాలు పోసి కూడా చేయించుకున్నాం, అది మాత్రం బాగాలేదు. మన చాయ్ బరువు మోసే ఒళ్లు కాదు దీనిది.

కనాయా ప్లాట్‌ఫాం మీద రైలు కోసం నిలబడి ఉండగా అమ్మ ఫోను చేసింది. స్పీకరు పెట్టాను.

"తోట ఎలా ఉంది? దోమకు ఏం కొడుతున్నారు అక్కడ?"

"ఏమీ కొట్టరు. అది రావాలని చూస్తారు" అన్నాడు నాన్న.

అటువైపు కాసేపు గేదె గొలుసు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

"పిల్లకు ఆ భాష సరిగ్గా వచ్చా? ఇంకోసారి కనుక్కోమనండి."