గుండీ పెట్టుకోవడం అనే పని

కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి, తగ్గి, దాని సంగతే మరిచిపోయిన కొన్నాళ్ళకు నా అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. బాసింపట్టు వేసుకుని చాలాసేపు కూర్చున్నందుకే పట్టిందనుకున్నాను గాని, విదిలించినా రుద్దినా అది వదలలేదు. మర్నాటికి చేతివేళ్ళ చివరలకూ వచ్చింది. ఆ సాయంత్రం మెట్లు ఎక్కుతుంటే ఒక చెప్పు జారి కింది మెట్టు మీదే ఉండిపోయింది. వెనక వస్తున్న చెల్లి దాన్ని తీసి చేతికిస్తే గాని నాకు ఆ సంగతి తెలియలేదు. రాత్రి కుర్చీలోంచి లేవబోతే తొడలు సహకరించలేదు. తెల్లవారాక చూద్దామన్నాను. చెల్లి ఒప్పుకోలేదు. "నీ కాలికి చెప్పు ఉందో లేదో నీకు తెలియడం లేదు అన్నయ్యా, ఇందులో తెల్లవారాక చూడాల్సింది ఏముంది?" అని ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

అక్కడ న్యూరాలజిస్టు రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద కొట్టి చూశారు. కాలు కదలలేదు. చీలమండ దగ్గరా, మోచేతి దగ్గరా అంతే. నరాల్లో విద్యుత్ సంకేతాలు ఎంత వేగంగా వెళ్తున్నాయో చూసే పరీక్ష, వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్ష జరిగాక గులియన్ బారీ సిండ్రోమ్ అని చెప్పారు. ఆ నీటిలో ప్రోటీన్ పెరిగి ఉండి, కణాల సంఖ్య మాత్రం మామూలుగా ఉండటం ఈ జబ్బుకు గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1916లో, గులియన్, బారీ, స్ట్రోల్ అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇద్దరు సైనికుల్లో గమనించి రాసింది దీన్ని గురించే. మూడో ఆయన పేరు జబ్బు పేరులోంచి ఎందుకు జారిపోయిందో గాని, మంచం మీద పడుకుని ఆ స్ట్రోల్ గురించి నేను చాలాసేపు ఆలోచించాను. కడుపులో చేరిన క్రిమితో పోరాడటానికి శరీరం తయారుచేసుకున్న రక్షక కణాలూ ప్రతిరోధకాలూ, ఆ క్రిమిని పోలిన భాగాలు నరాల మీద కనబడేసరికి వాటి మీదా దాడి చేస్తాయట. కరెంటు తీగకు ఉండే ప్లాస్టిక్ తొడుగు ఊడిపోతే ఏమవుతుందో నరం మీది మైలిన్ పొర దెబ్బతింటే అదే అవుతుందని డాక్టరుగారు చెప్పారు. అందరిలోనూ దెబ్బతినేది ఆ పొర ఒక్కటే కాదు. కొందరిలో లోపలి తీగ కూడా దెబ్బతింటుంది. నాకు కాళ్ళలో అదీ కొంత జరిగింది.

చికిత్సగా ఇమ్యునోగ్లోబులిన్ అనే ప్రతిరోధకాల మందు ఎక్కించారు. శరీర బరువులో కిలోకు 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు ఇవ్వడం పద్ధతి. దాన్ని మనుషులు దానం చేసిన రక్తంలోని ప్లాస్మా అనే ద్రవభాగం నుంచి తీస్తారు. ఒక్కో బ్యాచ్ తయారు కావాలంటే వేలమంది దాతల ప్లాస్మాను కలపాలి. చూడటానికి వచ్చిన బంధువుల్లో ఇద్దరు ముగ్గురు స్టిరాయిడ్లు ఎందుకు ఇవ్వడం లేదని డాక్టరునే నిలదీశారు. ఈ జబ్బులో స్టిరాయిడ్ల వల్ల మేలు లేదని పరిశోధనల్లో ఎప్పుడో తేలిందని ఆయన ఎంతో ఓపికగా చెప్పారు. రోగి రక్తంలోని ప్లాస్మాను తీసేసి దాని బదులు వేరే ద్రవం ఎక్కించే ప్లాస్మా మార్పిడి 1980లలో, ఇమ్యునోగ్లోబులిన్ 1992 తర్వాత ప్రామాణిక చికిత్సలయ్యాయి. అంటే మా తాతయ్యకు నడివయసులో ఈ జబ్బు వచ్చి ఉంటే, కనిపెట్టుకుని ఉండటం, ఊపిరి ఆగితే యంత్రం పెట్టడం తప్ప వైద్యుల చేతిలో ఏమీ ఉండేది కాదు.

ఊపిరి సంగతే అందరి భయం. ఈ జబ్బు వచ్చిన ప్రతి 100 మందిలో 20 నుంచి 30 మందికి వెంటిలేటర్ అవసరమవుతుంది. నర్సు కొన్ని గంటలకోసారి వచ్చి, గట్టిగా గాలి పీల్చి ఒకే ఊపిరిలో ఒకటి నుంచి అంకెలు పైకి లెక్కపెట్టమనేది. తల దిండు మీద నుంచి ఎత్తి చూపించమనేది. అంకెలు ఎంతవరకు వెళ్తే ఛాతీ కండరాల్లో అంత బలం ఉన్నట్టు. మొదటి రోజుల్లో ఆ లెక్క పూటపూటకూ తగ్గుతూ వచ్చింది. అమ్మ గోడ పక్క స్టూలు మీద కూర్చుని ఉండేది. నేను గాలి పీల్చినప్పుడే తనూ పీల్చి, పెదవులు కదుపుతూ లోపలే లెక్కపెట్టుకునేది. నేను ఆగిపోయినచోట తనూ ఆగేది. తనకు ఇంకా ఊపిరి మిగిలి ఉండేదని ఆమె మొహం చూస్తే తెలిసేది. ఒక రోజు లెక్క తగ్గలేదు, ఆ మరుసటి రోజూ తగ్గలేదు. నన్ను యంత్రం మీద పెట్టాల్సిన అవసరం రాలేదు.

తగ్గడం ఆగిన తర్వాత, పెరగడం మొదలయ్యే లోపు, ఈ జబ్బులో ఒక మధ్యకాలం ఉంటుంది. అన్నిటికన్నా అది కష్టమైన కాలం. చికిత్స పూర్తయింది, ప్రమాదం లేదంటున్నారు, కానీ కాలు కదలదు. రాత్రిళ్ళు నడుమూ తొడల వెనకభాగమూ లోపల మండుతున్నట్టు నొప్పి పెట్టేవి, దుప్పటి తగిలినా భరించలేకపోయేవాణ్ణి. అలాంటప్పుడు మనిషికి జీవితంలోని పెద్ద ఘట్టాలు గుర్తొస్తాయంటారు. నాకు అలాంటివేవీ రాలేదు. పరీక్ష పాసైన రోజు, ఉద్యోగంలో చేరిన రోజు నేను ప్రయత్నించి గుర్తుచేసుకున్నా అట్టే నిలబడలేదు. పిలవకుండా వచ్చింది మాత్రం మా తాతయ్య చొక్కా వేసుకోవడం.

తాతయ్యకు పార్కిన్సన్స్ ఉండేది. వణుకు చూసేవాళ్ళకు కనబడేది గాని, ఆయనను ఇబ్బంది పెట్టింది అంతకన్నా బిగుసుకుపోయే వేళ్ళే. ఉదయం మాత్ర వేసుకుని, అది పనిచేయడం మొదలయ్యేదాకా పేపరు ముందు పెట్టుకుని కూర్చునేవారు. వేళ్ళు కొంచెం వదులయ్యాయి అనిపించాక లేచి వెళ్ళి చొక్కా అందుకునేవారు. గుండీలు పైనుంచి కాక అడుగునుంచి పెట్టుకునేవారు, ఎందుకంటే అడుగు గుండీ కంటికి కనబడుతుంది, మెడ దగ్గరది కనబడదు. కింది నాలుగూ పెట్టేసరికి చొక్కా రెండు అంచులు సరిగ్గా కలిసి ఉంటాయి కాబట్టి, పైవాటిని వేళ్ళు చూడకుండానే వెతుక్కోగలవు. మోచేతులు రెండూ పక్కటెముకలకు ఆనించేవారు. గుండీని కంతలోకి తోయకుండా, గుండీని కదలకుండా పట్టుకుని, కంత ఉన్న గుడ్డనే దాని మీదికి లాగేవారు. చిన్నప్పుడు గుమ్మంలో నిలబడి మేం ఇదంతా చూసేవాళ్ళం. ముసలితనం అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అని మాకు అనిపించేదే తప్ప, ఆయన ఒక్కో కదలికను ఆలోచించి కనిపెట్టుకున్నారని ఎవరికీ తోచలేదు.

నా వేళ్ళలో కొంచెం కదలిక వచ్చాక చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పడానికి వచ్చిన ఆక్యుపేషనల్ థెరపిస్టు మొదటిరోజు చెప్పిన మాట, "కింద నుంచి మొదలుపెట్టండి" అని. నేను నవ్వేసరికి ఆమె ఏదో తప్పు మాట్లాడాననుకుంది. కుర్చీలోంచి లేవడం నేర్పిన ఫిజియోథెరపిస్టుదీ అదే కథ. ముందు కుర్చీ అంచుకు జరగాలి, పాదాలు రెండూ మోకాళ్ళకన్నా వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలివేళ్ళను దాటేంతగా ముందుకు వంగాలి, అప్పుడు గాని పైకి లేవకూడదు. తాతయ్య ప్రతిసారీ లేచేముందు ఎవరికో నమస్కారం పెట్టబోతున్నట్టు ముందుకు వంగేవారని మా ఇంట్లో పిల్లలందరం అనుకరించి చూపించేవాళ్ళం. శరీర బరువు పాదాల మీదికి రాకుండా ఏ మనిషీ లేవలేడని ఆయనకు ఎవరూ పాఠం చెప్పి ఉండరు.

ఆ రోజుల్లో నాయనమ్మ చేసిన పని కూడా నాకు అప్పుడే అర్థమైంది. ఆయన చొక్కా వేసుకుంటున్నంతసేపూ ఆమె అదే గదిలో ఉండేది, కానీ ఆయన వైపు చూసేది కాదు. బట్టలు మడతపెట్టేది, మడతపెట్టినవాటిని విప్పి మళ్ళీ మడతపెట్టేది. చొక్కా చేతులు లోపలికి మడిగి ఉండకుండా చూసి, గుండీలు ఉన్న వైపు పైకి వచ్చేలా ముందే మంచం మీద పరిచి ఉంచేది. చూస్తుంటే ఆయన చేయి ఇంకా వణుకుతుందని, గదిలోంచి వెళ్ళిపోతే ఏదైనా జరిగితే తెలియదని, ఈ రెంటికీ మధ్య ఆమె ఎంచుకున్న మార్గం అది. అమ్మ నా దగ్గర చేసిందీ అదే. నేను చెంచా పట్టుకోవడానికి తంటాలు పడుతున్నప్పుడు ఆమె కిటికీ తెర సర్దేది, మందుల చీటీ తీసి మళ్ళీ చదివేది. ఒకరోజు అడిగితే, "మీ నాయనమ్మ దగ్గర చూశానురా, నాకెవరూ చెప్పలేదు" అంది. కోడలిగా ఆ ఇంటికి వచ్చిన కొత్తలో తాతయ్యకు సాయం చేయబోతే నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఆపిందట. అమ్మకు అప్పుడు కోపం వచ్చిందట కూడా.

కోలుకోవడం నత్తనడకే. మైలిన్ పొర కొన్ని వారాల్లో, నెలల్లో మళ్ళీ ఏర్పడుతుంది గాని, లోపలి తీగ తెగినచోట నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతుంది. అందుకే శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు చేరవలసిన పాదాలకు బలం ఆలస్యంగా వస్తుంది. తుంటి, తొడ ముందుగా తేరుకున్నాయి. పాదం ముందుభాగం కిందికి వేలాడిపోకుండా చాలాకాలం ప్లాస్టిక్ స్ప్లింట్ తొడుక్కున్నాను. రెండు కడ్డీల మధ్య నడక నేర్చుకుంటున్నప్పుడు, మనిషి మామూలుగా నడిచేటప్పుడు ప్రతి అడుగుకూ ఒక్క కాలి మీదే కాసేపు నిలబడతాడన్న సంగతి నాకు మొదటిసారి తట్టింది. తాళంచెవి తిప్పడం అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది. బొటనవేలికీ చూపుడువేలి పక్కభాగానికీ మధ్య బిగించి, మణికట్టును తిప్పి, తాళం తిరిగేదాకా ఆ బిగింపు సడలకుండా ఉంచడం అనేది మూడు వేరువేరు పనులు. వాటిలో మూడోది నాకు ఎంతకీ కుదిరేది కాదు.

జబ్బు ఒక వరమని, అది రాకపోతే జీవితం విలువ తెలిసేది కాదని చెప్పేవాళ్ళు కొందరు నన్ను చూడటానికి వచ్చారు. వాళ్ళ మంచితనాన్ని నేను కాదనను గాని, ఈ మాట మాత్రం నాకు నచ్చదు. రాకుండా ఉండి ఉంటే ఎంతో సంతోషించేవాణ్ణి. నాలో మారింది వాళ్ళు అనుకున్నంత గొప్పది కాదు. ఒక రోజులో ఎంత పని జరిగిందని లెక్కవేసే కొలత మారింది. స్నానం చేసి, బట్టలు వేసుకుని, గేటుదాకా నడిచి వచ్చిన రోజు నా లెక్కలో పని జరిగిన రోజే. ఇదివరకు ఇవన్నీ పని మొదలుపెట్టేముందు అయిపోవలసినవి. ఇప్పుడు వాటికీ సమయం కేటాయిస్తున్నాను. తాతయ్య మాత్ర పనిచేసే గంటలను చూసుకుని తన రోజును నడుపుకున్నట్టే, నేనూ మధ్యాహ్నం తర్వాత వచ్చే నిస్సత్తువను ముందే లెక్కలో వేసుకుని కష్టమైన పనులు పొద్దున్నే ముగించుకుంటున్నాను. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో 6 నెలలకు 100 మందిలో 80 మంది దాకా ఎవరి సాయమూ లేకుండా నడవగలుగుతారు. నడక వచ్చాక కూడా ఏళ్ళ తరబడి వెంటాడే ఆ నీరసం మాత్రం బయటివాళ్ళకు కనబడదు. బాగానే ఉన్నావుగా అంటారు. ఉన్నానని చెబుతాను, అది అబద్ధమూ కాదు.

స్ప్లింట్ తీసేశాను. కాలివేళ్ళలో తిమ్మిరి ఇంకా ఉంది, చీకట్లో నడవాలంటే గోడ పట్టుకుంటాను, ఎందుకంటే నేల ఎక్కడుందో పాదం చెప్పని చోట కళ్ళు చెప్పాలి. ఈమధ్య అమ్మ మోకాళ్ళ నొప్పులతో కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులతో బల్ల పట్టుకుని లాక్కుంటోంది. పాదాలు వెనక్కి పెట్టుకుని ముందుకు వంగమ్మా అని చెబితే, "నువ్వేమైనా నా డాక్టరువా?" అని కసురుకుంది. కాకపోతే మర్నాడు నేను పక్క గదిలో ఉన్నాననుకుని వంగి చూసింది. వచ్చే వారం న్యూరాలజిస్టు దగ్గర నాకు నరాల పరీక్ష ఉంది. ఫిజియోథెరపీ గది కూడా అదే అంతస్తులో ఉంది కాబట్టి, నాకు తోడుగా రమ్మని చెప్పి అమ్మను తీసుకెళ్తున్నాను. అసలు సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు. చెల్లికి మాత్రం చెప్పి, తననూ రమ్మన్నాను.