మూతపడిన ఆసుపత్రిలో పుట్టిన మా చెల్లికి బర్త్ సర్టిఫికెట్

మొన్న గురువారం చెల్లి బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. నాలుగు నెలలు పట్టింది. ఏడుసార్లు తిరిగాను. ఆ కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

చెల్లి అమెరికాలో ఉంటుంది. గ్రీన్ కార్డుకి బర్త్ సర్టిఫికెట్ కావాలని లాయరు అడిగాడు. తను 1983 నవంబరులో పుట్టింది, కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఆసుపత్రిలో. మాది కుప్పం వైపు ఊరు. నాన్న ఛాంపియన్ రీఫ్ గనిలో అండర్‌గ్రౌండ్ పని చేసేవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు, ఆసుపత్రికీ తాళం పడింది. మేం బెంగళూరు వచ్చి కె.ఆర్.పురంలో ఉండిపోయాం.

జనన రిజిస్టర్లుండే ఆఫీసు ఆ గనుల ఊళ్లోనే ఉంది. వెళ్లడం తేలికే. మారికుప్పం రైలెక్కితే ఛాంపియన్ స్టేషన్‌లో దిగొచ్చు. దరఖాస్తు రాసివ్వడానికి పది నిమిషాలు చాలు.

అసలు నరకం కౌంటర్ దగ్గర మొదలైంది. నవంబరు రిజిస్టర్‌లో పేరు లేదన్నాడు అక్కడి గుమాస్తా. అయితే లేదనే కాగితం ఇవ్వండి, రెండు అఫిడవిట్లతో కలిపి అదీ పనికొస్తుందని లాయరు చెప్పాడు అన్నాను. దానికి ఆసుపత్రి నుంచి లెటర్ తెమ్మన్నాడు. ఆసుపత్రి మూసేసి ఇరవై ఏళ్లు దాటిందండీ అన్నాను. "ఆస్పత్రెనే ఇల్ల, రికార్డ్ ఎల్లింద బరుత్తె?" (ఆసుపత్రే లేదు, రికార్డు ఎక్కణ్నుంచి వస్తుంది?) అని కన్నడలో నన్నే అడిగాడు! లెటర్ అడిగిందీ ఆయనే, ఆసుపత్రే లేదన్నదీ ఆయనే.

మూడోసారి అమ్మను తీసుకెళ్లాను. డెబ్బై నాలుగేళ్ల మనిషి. కన్న తల్లి వచ్చి చెబితే వింటారనుకున్నాను. లైన్‌లో ఇరవై మంది ఉండగా, ఆంధ్రా వాళ్లు ఇక్కడికొచ్చి దొంగ సర్టిఫికెట్లు చేయించుకుంటున్నారు అన్నాడు. అమ్మ చేతిలో ప్లాస్టిక్ కవర్ ఉంది. అందులో నాన్న సర్వీస్ సర్టిఫికెట్, ఆసుపత్రి ముద్ర ఉన్న చెల్లి టీకాల కార్డు ఉన్నాయి. ఆయన కవర్ ముట్టుకోలేదు. అమ్మ ఏమీ మాట్లాడకుండా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

ఆ ఆసుపత్రి లేదనడం ఎవరికైనా ఎలా చేతనవుతుంది? 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ దిగినప్పటి నుంచి ఆ గనులు దాదాపు 120 ఏళ్లు నడిచాయి. ఛాంపియన్ రీఫ్ మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత లోతులో ఒత్తిడికి బండ ఉన్నట్టుండి పేలిపోతుంది. గని జనం దాన్ని ఏర్ బ్లాస్ట్ అంటారు. నేల అదిరితే చాలు, ఆడవాళ్లు షాఫ్ట్ (గనిలోకి దిగే బావి) దగ్గరికి కొందరు, ఆసుపత్రి గేటు దగ్గరికి కొందరు పరుగెత్తేవాళ్లమని అమ్మ చెబుతుంది. ఇక దుమ్ము సంగతి వేరే. 1940-46 మధ్య ఈ గనుల్లో 7,653 మందిని పరీక్షిస్తే 3,402 మందికి సిలికోసిస్, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు, ఉన్నట్టు తేలింది. మా నాన్నా చివరి పదేళ్లు దగ్గుతూనే గడిపాడు. ఆయన ఎక్స్‌రేలు తీసిందీ ఆ ఆసుపత్రిలోనే, నేనూ చెల్లీ పుట్టిందీ అక్కడే. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో మంచాలు దొరకనప్పుడు వాలంటీర్లు ఇరవై ఏళ్ల దుమ్ము కడిగి ఆ వార్డుల్నే సిద్ధం చేశారు. రోగులు వచ్చినప్పుడు ఉన్న ఆసుపత్రి, మా అమ్మ వస్తే లేకుండా పోయిందా?

దారి చూపింది ఆ ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక నర్సమ్మ. అమ్మకు పాత పరిచయం. "అక్కా, మేం కాన్పుల కాగితాలు ఒకేసారి కట్టగట్టి పంపేవాళ్లం. నవంబరులో ఎందుకు వెతికిస్తున్నారు? డిసెంబరు, జనవరి చూడమనండి" అంది. ఇంత చిన్న మాట ఆ కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు.

ఆరోసారి వెళ్తే ఆ సీట్లో ఒక అమ్మాయి ఉంది. నాన్న పేరు చెప్పి డిసెంబరు చూడమన్నాను. లావుపాటి రిజిస్టర్ తీసి, వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. అరగంటలో దొరికింది. నాన్న పేరులో ఒక అక్షరం తప్పు. శిశువు పేరు ఖాళీ. ఆడ శిశువు, పుట్టిన చోటు ఆసుపత్రి. నాలుగు నెలలుగా ఆ వరుస ఆ గదిలోనే ఉంది. ఆ అమ్మాయి లేచి అమ్మకు కుర్చీ వేసింది. ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

పేరు లేని సర్టిఫికెట్‌కి తోడుగా అమ్మ, మేనమామ చెరో అఫిడవిట్ ఇచ్చారు. నోటరీ పని ఒక్క పూటలో అయిపోయింది.

గని పిల్లలెవరైనా ఉంటే ఆసుపత్రి లెటర్ కోసం తిరగొద్దు. కాన్పు అయినట్టు తెలియజేయాల్సింది ఆసుపత్రే, కాబట్టి రాత రిజిస్టర్‌లోనే ఉండాలి. పుట్టిన నెలతో ఆపకుండా తర్వాతి మూడు నెలలూ చూడమనండి. పిల్లల పేరుతో కాదు, తండ్రి పేరుతో వెతికించండి, అక్షరం తేడా ఉన్నా వదలొద్దని చెప్పండి. దరఖాస్తు ఇచ్చిన ప్రతిసారీ ముద్ర వేసిన రసీదు అడగండి. మొదటి రెండుసార్లు నేను అడగలేదు, అందుకే నేను వచ్చినట్టే లేదన్నారు.

నాది 1979 అక్టోబరు. వచ్చే సోమవారం నా సర్టిఫికెట్ కోసం మళ్లీ వెళ్తున్నాను. అమ్మా వస్తానంటోంది.