పిన్నీసు ఆకారంలో ఒక క్రిమి

"ఇది మామూలు సూడోమోనాస్ బాక్టీరియా కాదు, ప్లేటు మూసి క్యాబినెట్‌లో పెట్టండి" అన్నాను ల్యాబులో. చేతులు చల్లబడ్డాయి.

రోగి నమూనా నుంచి ప్లేటులో పెరిగి, మొన్న నున్నగా కనిపించిన క్రిమి చుక్కలు ఈ ఉదయానికి ఎండిన పువ్వులా ముడతలు పడ్డాయి. సూక్ష్మదర్శిని కింద ఒక్కో కణానికి రెండు కొసల్లోనే రంగు పట్టింది, మధ్యలో ఖాళీ. అచ్చం పిన్నీసే. యాంటీబయాటిక్ మందుల్లో జెంటామైసిన్‌కు లొంగలేదు, కొలిస్టిన్‌కూ లొంగలేదు.

బర్ఖోల్డేరియా సూడోమాల్లై. అంటే రోగికి ఉన్నది ఈ బాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ జబ్బు.

ఆ రోగి రెండు నెలలుగా క్షయ మందులు మింగుతున్నారు. ఊపిరితిత్తిలో నీడ, విడవని జ్వరం, తగ్గుతున్న బరువు. ఎవరైనా ముందు క్షయ అనే అనుకుంటారు, తప్పు పట్టలేను. కానీ మధుమేహం ఉందనీ, వానాకాలమంతా బురదలో పనిచేశారనీ కేసు కాగితంలోనే ఉంది. ఈ క్రిమి బతికేది ఆ మట్టిలో, ఆ నీటిలోనే కదా!

1912లోనే రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే వైద్యులు ఈ జబ్బును వర్ణించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా మనిషి రెండు నెలలు వేరే జబ్బు మందులు వాడాల్సి రావడం నాకు మింగుడుపడటం లేదు.

మధ్యాహ్నానికి సెఫ్టాజిడిమ్ మొదలైంది. కనీసం పది రోజులు ఇంజెక్షన్లు, ఆపైన మూడు నెలలు కోట్రైమాక్సజోల్ మాత్రలు. ఒళ్లు తేలికపడిందని మధ్యలో ఆపితే తిరగబెడుతుందని ఆయన భార్యకు రెండుసార్లు చెప్పాను.

"చివరి మాత్ర ఏ తేదీన వేయాలి?" అని అడిగి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, మందుల కవరు వెనక రాసుకున్నారామె.