అమ్మ కొలిచే సోల

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్నగారు బావి గట్టు దగ్గర జారి పడ్డారు. ఎముకలు విరగలేదు గానీ మోచెయ్యి బాగా చెక్కుకుపోయింది. ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయనే అన్నారు: "ఇంక ఈ ఇల్లు మావల్ల కాదమ్మాయ్. కాకినాడలో మీకు దగ్గర్లో ఏదైనా చూడండి." ఆయనకి 81, అమ్మకి 75. ఆ మాట ఆయన నోట ఎప్పుడొస్తుందా అని అన్నయ్యా నేనూ మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాం. తీరా వచ్చాక నాకే ఏడుపొచ్చింది.

మాది కోనసీమలో, గోదావరి పాయ వైనతేయ గట్టుకి దగ్గర్లో ఉన్న మండువా ఇల్లు. చుట్టూ వసారాలు, పెద్ద వంటిల్లు, అటక, పెరట్లో కొట్టు, ఖాళీగా ఉన్న పశువుల పాక. కాకినాడలో దొరికింది కింది అంతస్తులో రెండు పడగ్గదుల ఫ్లాట్. నాలుగు రోజులు సెలవు పెడితే సర్దేయొచ్చనుకున్నాను. వైశాఖంలో పాలు పొంగించే దాకా ప్రతి శని, ఆదివారాలూ నాకు అదే పని అయింది.

మొదట ఫొటోల ట్రంకు పెట్టె దించడం నేను చేసిన పొరపాటు. ఆ రోజంతా ఒక్క వస్తువు కూడా కదల్లేదు. సాయంత్రానికి ఇద్దరూ దిగులుగా కూర్చున్నారు. మర్నాడు పెట్టె మూసేసి పశువుల పాక నుంచి మొదలుపెట్టాం. అక్కడి చిల్లు బకెట్ల మీద, తుప్పు పట్టిన పారల మీద ఎవరికీ మమకారం లేదు. తర్వాత కొట్టు, తర్వాత అటక. పొద్దున్న రెండు గంటలే పని. పదకొండయ్యేసరికి నాన్నగారు "నీ ఇష్టం, నీ ఇష్టం" అనడం మొదలుపెట్టేవారు. అలిసిపోయారన్నమాట. అక్కడితో ఆపేసేదాన్ని. అలా అలసటలో ఒప్పుకున్నవాటికి మర్నాడు బాధపడేవారు.

ఇత్తడి సామానుకి మాత్రం చాలా రోజులు పట్టింది. గంగాళం, రెండు గుండిగలు, బిందెలు, కంచు గిన్నెలు. దాదాపు అన్నిటి మీదా పేర్లు కొట్టించి ఉన్నాయి. మా తాతయ్య పేరు, పక్కన అమ్మ పెళ్లి తేదీ, 1968. అమ్మ ఒక్కొక్కటీ చీర కొంగుతో తుడిచి, వేలితో తడుముతూ చదివి, అప్పుడు చెప్పేది అది ఎవరికివ్వాలో. గంగాళం, పెద్ద గుండిగ రామాలయానికి. శ్రీరామనవమికి పానకం కలపడానికి పనికొస్తాయి కదా అంది. బిందెలు మేనకోడళ్లకి. తూకానికి అమ్మేద్దామని అన్నయ్య ఒకసారి అంటే, "పేరున్న గిన్నెని కరగబెట్టిస్తావుట్రా?" అంది. వాడు మళ్లీ ఎత్తలేదు.

పందిరి మంచం దగ్గర అసలు గొడవ వచ్చింది. 1986 ఆగస్టు వరదలో వాకిట్లోంచి వసారాలోకి నీళ్లు వచ్చేస్తుంటే బియ్యం బస్తాలు, నన్ను, అన్నయ్యని ఎక్కించింది ఆ మంచం మీదే. ధవళేశ్వరం దగ్గర ఆ ఏడాది 35 లక్షల క్యూసెక్కులు దాటిందని నాన్నగారు ఇప్పటికీ చెబుతారు. నీళ్లు ఎంతవరకు వచ్చాయో వంటింటి గోడ మీద మేకుతో గీత గీశారు. ఆ మంచాన్ని వదిలి అమ్మ ఎలా వస్తుంది? నేను ఎంత చెప్పినా ఫ్లాట్‌లో పట్టదంటే నమ్మలేదు. చివరికి ఫ్లాట్ కొలతలు చెప్పి, వసారాలో ముగ్గుపిండితో గది గియ్యమన్నాను. పది అడుగులు, పదకొండు అడుగులు. గుమ్మం ఎక్కడ, బాత్రూం తలుపు ఎక్కడ, కిటికీ ఎక్కడ, అన్నీ తనే గీసింది. మంచం ఎంత మేర వస్తుందో చీరలు పరిచి చూసింది. తర్వాత గుమ్మం దగ్గర్నుంచి బాత్రూం వైపు నడిచింది. పక్కకి తిరిగితే గానీ పట్టలేదు. కాసేపు ఆ ముగ్గు మధ్యలో నుంచుని, "రాత్రిపూట మీ నాన్నగారు ఎలా వెళ్తారే?" అంది. మంచం పెదనాన్నగారి కొడుక్కి ఇవ్వమంది. ఇల్లు కూడా వాళ్లే చూసుకుంటున్నారు. మనిషి మసలని పెంకుటిల్లు చెదలకి ఎన్నాళ్లు ఆగుతుంది?

కాగితాల సంగతి చెప్పాలంటే, దస్తావేజులు, పాసుపుస్తకాలు, పెన్షన్ కాగితాలు, మందుల చీటీలు ఒక సంచిలో పెట్టి లారీలో వెయ్యకుండా ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాం. గ్యాస్‌కి సిలిండర్లు, రెగ్యులేటర్ అప్పగించి టెర్మినేషన్ వోచర్ తీసుకుంటే కొత్త ఊళ్లో కనెక్షన్ ఇచ్చారు. అప్పట్లో కట్టిన డిపాజిట్ అంతే వెనక్కొచ్చింది, కొత్తది ఇప్పటి రేటు ప్రకారం కట్టాం. పెన్షన్ ఖాతా కదపలేదు.

కొత్తింట్లో మొదటి రాత్రి రెండింటికి నాన్నగారు లేచి మోకాలు గోడకి కొట్టుకున్నారు. ఊళ్లో ఆయన యాభై ఏళ్లుగా మంచానికి ఎడమ వైపు దిగుతున్నారు. నేను ఆ వైపే గోడకి ఆనించి వేయించాను. గది అందంగా ఉందా లేదా అనే చూశాను, నిద్రమత్తులో ఆయన కాళ్లు ఎటు దిగుతాయో ఆలోచించలేదు. పొద్దున్నే మంచం తిప్పించి, బాత్రూం దాకా చిన్న దీపం పెట్టించాం. గోడకి పట్టుకునే రాడ్లు ముందే వేయించాం గానీ, ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం.

వచ్చిన వారం నుంచీ అమ్మ వండే అన్నం తేడాగా ఉంటోంది. ఒకరోజు ముద్దగా, ఒకరోజు పలుకుగా. కొత్త పొయ్యి కదా అనుకున్నాను. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "నాకు చెయ్యి తప్పిపోతోందే. మతి కూడా పోతోందేమో, మీ నాన్నగారికి చెప్పకు" అంది. నాకు చెమటలు పట్టాయి. డాక్టరుకి చూపిద్దామనుకుంటూనే వెళ్లాను.

వంటింట్లో పక్కన నుంచుని చూశాను. స్టీలు గ్లాసుతో బియ్యం తీసింది. గ్లాసు వంక చూసింది. కొన్ని వెనక్కి పోసింది. మళ్లీ కొన్ని తీసింది.

"సోల ఏదమ్మా?"

"సర్దడంలో ఎక్కడో పడిపోయినట్టుంది. తలగొట్టి రెండు సోలల బియ్యానికి నాలుగు సోలల నీళ్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ అదే లెక్క."

అది పడిపోలేదు. ఆఖరి వారం అమ్మ గుడికెళ్లినప్పుడు పాత సామాన్ల అబ్బాయి వస్తే, చిల్లులు పడ్డ గిన్నెలతో పాటు సొట్టలు పడిన ఆ ఇత్తడి సోలని కూడా సంచిలో వేసింది నేను. పేరేమైనా ఉందేమోనని తిప్పి చూశాను కూడా. లేదు. పేరున్నవే ముఖ్యమనుకున్నాను.

చెప్పేశాను. అమ్మ నన్ను తిట్టలేదు. పొయ్యి తగ్గించి, "అడగాల్సిందే నువ్వు" అంది. అంతకంటే ఏమీ అనలేదు. నేను మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు. ఆ వస్తువు పోయిందన్న బాధ ఒకెత్తు. ఇన్నాళ్లూ తన చేతిని, తన మతిని తనే అనుమానించుకునేలా చేశానే అన్నది ఇంకొకెత్తు.

ఆ అబ్బాయిని పట్టుకున్నాం గానీ సరుకు ఎప్పుడో వెళ్లిపోయింది. కాకినాడలో పాత్రల కొట్లన్నీ తిరిగి ఒక సోల కొన్నాను. అమ్మ దాన్ని నీళ్లతో నింపి, గిద్దతో కొలిచి, తల అడ్డంగా ఊపింది. సరిగ్గా నాలుగు గిద్దలు పట్టాయి, సోల లెక్కకి సరిపోయింది. "నాది సొట్టలు పడి కాస్త తక్కువ పట్టేది. దీనికి మళ్లీ నేర్చుకోవాలి" అంది.

అయిదో రోజు ఫోన్ చేసింది. "ఇవాళ పొడిపొడిగా వచ్చింది. మీ నాన్నగారు మారు వడ్డించుకున్నారు." ఒక్క క్షణం ఆగి, "ఈసారి వచ్చినప్పుడు ఈ సోల తీసుకెళ్లి తేదీ కొట్టించుకురా" అంది.

"ఏ తేదీ అమ్మా?"

"ఈ ఇంట్లో పాలు పొంగించిన రోజుదే."