ఫ్రీజర్‌లో ఇటుకలు

పదకొండున్నర దాటింది. ఇందాకటి నుంచి మూడుసార్లు లేచి ఫ్రీజర్ తలుపు తీసి చూశాను, నేను చూస్తే అవి విడిపోతాయన్నట్టు. విడిపోలేదు. శనివారం ఎండలో నిలబడి కోసుకొచ్చిన బ్లూబెర్రీలు, ఎనిమిది పౌన్లు, రెండు జిప్ సంచుల్లో రెండు నీలం ఇటుకలై కూర్చున్నాయి. అట్లకాడతో పొడిచాను. అట్లకాడ వంగింది.

జరిగింది చిన్నదే. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్య పళ్ళన్నీ ఉప్పునీళ్ళలో వేసి, రెండుసార్లు జాడించి, చిల్లుల గిన్నెలో వార్చి, తడితడిగానే సంచుల్లో కూరి పెట్టేశారు. "నీకో పని తప్పిందమ్మా" అన్నారు నవ్వుతూ. నేను నవ్వలేదు. "సరే అత్తయ్యా" అని ఫ్రిజ్ తలుపు కాస్త గట్టిగా వేశాను.

ఈయన పొద్దున్నుంచీ ఇంట్లోనే ఉన్నారు. వంటింటి బల్ల మీదే లాప్‌టాప్. "చూశారు కదా, చెప్పచ్చు కదా" అంటే, "అమ్మ ఏదో చేసుకుంటోంది కదా అని" అన్నారు. నేను పోయినేడు ఇదే బల్ల దగ్గర ఈయనకి ఎంత వివరంగా చెప్పాను! బ్లూబెర్రీ ముందే కడగకూడదండీ, తినేముందే కడగాలి అని. పండు మీద తెల్లగా బూడిద పూసినట్టు ఉంటుందే, అది దుమ్మూ కాదు, మందూ కాదు. పండు తనకి తాను పూసుకున్న మైనం. బూడిదగుమ్మడికాయ మీద ఉండేదీ అలాంటిదే. అది పోతే లోపలి తడి ఆగదు, పైన తడి నిలిస్తే బూజు. కడిగితీరాలంటే బట్ట మీద పరిచి పూర్తిగా ఆరనిచ్చి, ట్రేలో ఒకే వరుసగా ఫ్రీజర్‌లో పెట్టాలి. గట్టిపడ్డాక సంచిలో పోసుకుంటే గోలీల్లా విడివిడిగా ఉంటాయి, గుప్పెడు కావాలంటే గుప్పెడే తీసుకోవచ్చు. పైగా త్వరగా గడ్డకడితే లోపల మంచు పలుకులు సన్నగా ఏర్పడతాయి, పండు అంతగా చితకదు. కుప్పపోస్తే నడిమి పళ్ళకి చలి చేరేదెప్పుడు? ఇదంతా చెప్పినప్పుడు ఈయన తలూపారు. ఆ తలూపడం నాకు తెలుసు, మీకూ తెలుసు.

అన్నిటికన్నా మండేది ఏంటంటే, ఆవకాయ జాడీ దగ్గర అత్తయ్య తడి చేతిని కూడా రానివ్వరు. గరిట తుడిచి, మళ్ళీ ఎండలో పెట్టి, అప్పుడు తీస్తారు. తడి అంటే ఏమిటో ఈ ఇంట్లో ఆవిడకన్నా తెలిసినవాళ్ళు ఎవరు?

శనివారం మాత్రం బాగుంది. న్యూజెర్సీలోని హామంటన్, ఇక్కడికి గంటన్నర. ప్రపంచానికి బ్లూబెర్రీ రాజధాని మేమేనని చెప్పుకునే ఊరు. అదే రాష్ట్రంలోని వైట్స్‌బాగ్ అనే ఊళ్ళోనే 1916లో తోటలో సాగుచేసిన బ్లూబెర్రీల మొదటి పంట అమ్మకానికి వచ్చింది. ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ, అడవిలో పెద్ద కాయలు కాసే పొద చూపిస్తే డబ్బులిస్తానని ఊళ్ళోవాళ్ళకి చెప్పి వెతికించిందట, దొరికిన పొదకి చూపించినవాడి పేరే పెట్టేదట. బుడ్డోడు ఇది విని వాడి పేరు ఒక పొదకి పెట్టేసి, ఇంకెవరినీ దాని దగ్గరికి రానివ్వలేదు.

వాడి నీలం నాలుక చూస్తే అమ్మమ్మగారి పెరడు గుర్తొచ్చింది. నేరేడు చెట్టు. ఆషాఢం గాలికి రాలినవాటికి ఇసక అంటుకునేది, అందుకని పిల్లలం నలుగురం పాత దుప్పటి నాలుగు మూలలా పట్టుకుని నిలబడేవాళ్ళం, చిన్న మావయ్య పైకెక్కి కొమ్మ ఊపేవాడు. సగం దుప్పట్లో, సగం మా నెత్తిన. అమ్మమ్మ వాటికి నీళ్ళు తగలనిచ్చేది కాదు. చేటలో పరిచేది, చితికినవి ఏరి ముందు మాకు పెట్టేది. తినేముందు మాత్రం కడిగి, గిన్నెలో ఉప్పు చల్లి, పైన పళ్ళెం మూసి గలగలా ఊపేది. గొంతు పట్టేసినట్టయ్యే ఆ వగరు! మర్నాటి సాయంత్రానికి పులిసిన వాసన, చీమలు. అందుకే ఉంచేవాళ్ళు కాదు, మిగిలినవి ఆ పూటే ఎదురింటికీ పక్కింటికీ పోయేవి. ఎదురింటి మామ్మగారు ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అడుగున కాస్త పంచదార వేసి పంపేవారు. ఆ పంచదార కోసం గిన్నె తెచ్చే పని మీద మేం కొట్టుకునేవాళ్ళం.

ఇక్కడి దాకా టైప్ చేసి ఆగాను. తోటలో బుడ్డోడితో నేనేమన్నానో గుర్తొచ్చింది. "కడక్కుండా తినకురా, మందులు కొడతారు." ఒకసారి కాదు, వెళ్ళిన ప్రతి వరుసలోనూ అన్నాను. అత్తయ్య బకెట్ పట్టుకుని పక్కనే ఉన్నారు. ఉప్పునీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో ఇప్పుడర్థమైంది.

ఇంకోటి కూడా రాయాలి, రాయాలని లేదు గానీ. ఇందాక మూడోసారి తలుపు తీసినప్పుడు అడుగున చెయ్యి పెడితే పోయినేటి సంచి తగిలింది. నేను పద్ధతిగా, ట్రేలో పరిచి, గోలీల్లా పెట్టుకున్న సంచి. సగానికి పైనే ఉంది. లోపలంతా నూగులాగా మంచు. ఏడాదిగా ఆ గుప్పెళ్ళు ఎవరు తీశారు? వాడు పాలల్లో వేసి మిక్సీ కొట్టిస్తే తప్ప తాగడు, మిక్సీకి ఇటుకైతేనేం, గోలీలైతేనేం. సుత్తితో నాలుగు దెబ్బలు చాలు.

అయినా ఈయన మీద మాత్రం నా కోపం పోలేదు.

ఫ్రిజ్ కింది అరలో ఇంకా రెండు పౌన్లు పొడిగా ఉన్నాయి, అత్తయ్య కంటపడనివి. వాటినైనా ట్రేలో పెడదామని వెళ్ళాను. ట్రే పట్టలేదు. కొబ్బరి తురుము, మునక్కాడ ముక్కలు, కరివేపాకు, గోంగూర. గోంగూర తీస్తే పడుతుంది. గోంగూర తియ్యను.